ఒక్కసారి పోయి చూసొస్త సారూ

మా మనుమరాలికి పొద్దున పూట కడుపునొప్పి వస్తుంది. ఆదివారం రాదు. పండుగలకు రాదు. బడి ఉన్న రోజు మాత్రం, బూట్లు వేసుకుంటుండగా మొదలవుతుంది. కోరుట్లలో ఉన్న పిల్లల డాక్టర్లకు చూపించాం. జగిత్యాల తీసుకుపోయి స్కానింగ్ తీయించాం. కడుపులో ఏమీ లేదన్నారు. ఆ మాటకు పిల్ల తల్లి, మా బిడ్డ సంతోషపడింది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఏమీ లేకుండానే రెండో తరగతి పిల్ల రోజూ పొద్దున కడుపు పట్టుకుని ముడుచుకుపోతుందా?

పోయిన వారం బడి నుంచి రమ్మని ఫోను వచ్చింది. మా అల్లుడు దుబాయిలో ఉంటాడు. బిడ్డ మందుల షాపులో పనిచేస్తుంది, ఆ రోజు సెలవు దొరకలేదు. నేనే పోయాను. హెడ్ మేడం గదిలో గోడకు పెద్ద రంగుల అట్ట ఉంది. దాని మీద పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న పిల్లలు, కింద ‘సంతోషంగా ఉన్న పిల్లలే బాగా నేర్చుకుంటారు’ అని రాత. ఆ అట్ట కిందే కూర్చుని మేడం నాతో అన్నది:

"మీ పాప ఈ మధ్య మస్తు డల్ అయిందమ్మా. క్లాసుల నోరే తెరుస్తలేదు. ఇంట్ల జర ఎక్కువ చదివియ్యాలె మీరు."

"ఏమైందే పిల్లా అని బళ్లె ఎవరన్న అడిగిండ్రా మేడం?"

"అడగకేం? మార్కులెందుకు తగ్గినయ్ అని టీచర్ రోజు అడుగుతనే ఉన్నది."

"నేనడిగేది మార్కుల సంగతి కాదు."

ఆమె గడియారం వైపు చూసింది. "ఒక్కొక్కల్ల కూసోబెట్టుకొని మనసుల ఏమున్నదని అడుక్కుంట పోతే సిలబస్ ఎప్పుడైతదమ్మా? చిన్నపిల్లలు. వాళ్లకేం బాధలుంటయి చెప్పుండ్రి?"

లేచి వచ్చేశాను. ఆటో ఎక్కాను. పసుపు వచ్చే కాలం కావడంతో రోడ్డు పొడుగునా ఆ ఘాటు వాసన. నా ముక్కుకు మాత్రం ఎక్కడిదో తడిసిన తునికాకు వాసన తగిలింది. ‘చిన్నపిల్లలకేం బాధలుంటాయి’ అన్న మాట చిన్నప్పుడు ఎంతోమంది నోట విన్నాను. వెంట్రుకలు నెరిసినా మళ్ళీ అదే మాట. ఆటోవాడు ఎక్కడ దిగుతారని రెండుసార్లు అడిగితే గానీ నాకు వినిపించలేదు. నేనప్పుడు ఆటోలో లేను. మా ఊరి బడిలో, నా దోస్తు పక్కన కూర్చుని ఉన్నాను.

మాది గంభీరావుపేట దిక్కున ఒక పల్లె. ఇప్పుడు పోతే నేనే గుర్తుపట్టలేను. అప్పుడు మా వాడలో ప్రతి ఇంట్లో గుంటమగ్గం ఉండేది. కోడికూతకన్నా ముందే మగ్గం చప్పుడు లేచేది. నూలుకు గంజి పెట్టే రోజున వాడ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దారాలు పరిచేవాళ్ళు. పులిసిన గంజి వాసన అన్నంలోకి, నీళ్ళలోకి, మా జడల్లోకి కూడా ఎక్కేది. మా బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆయన నడుము నుంచి పైభాగమే కనిపించేది. చాలా చిన్నప్పుడు మా బాపుకు కాళ్ళు పొద్దుగూకినాకనే వస్తాయనుకునేదాన్ని. అమ్మ బీడీలు చుట్టేది. తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు, ఒళ్ళో చాటనిండా తంబాకు. ఆ చేత్తోనే చేసి పెట్టిన సర్వపిండిని తుమ్ముకుంటూ తినేవాళ్ళం. అంత రుచిగల సర్వపిండి నాకు మళ్ళీ దొరకలేదు.

అరుగు మీద మా నాయినమ్మ. లోకంలో ఏ సంగతికైనా ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. పిల్లల సంగతి వస్తే, "వాళ్లకేందే? ఆకలైతే ఏడుస్తరు, నిద్రొస్తే ఏడుస్తరు. ఇంకో బాధ ఉండది" అనేది.

నా దోస్తు గౌండ్లోళ్ళ పిల్ల. వాళ్ళ ఇల్లు ఊరి చివర, తాటివనం పక్కన. వాళ్ళ బాపు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. నడుముకు మోకు కట్టుకుని చెట్టెక్కుతుంటే కింద నిలబడి మెడలు నొచ్చేదాకా చూసేవాళ్ళం. ఎండాకాలం ముంజలు కొట్టి ఇచ్చేవాడు. బొటనవేలితో పొడుచుకుని తింటుంటే నీళ్ళు మోచేతుల దాకా కారేవి. ఆయన ఒంటి మీద ఎప్పుడూ పుల్లని కల్లు వాసన, పొగ వాసన కలిసి ఉండేవి. నన్ను చూస్తే, "ఏం సాలోళ్ల పిల్లా, మీ బాపును నాకో రుమాలు నెయ్యమన్న, ఎప్పుడు నేస్తడట?" అని పరాచికమాడేవాడు. కూతురిని మాత్రం ‘బిడ్డా’ అని తప్ప ఇంకో పేరుతో పిలవగా నేను వినలేదు.

ఆ పిల్ల గొంతు గొప్ప గొంతు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే చెరువు అవతల మేకలు కాసేవాళ్ళు తలెత్తి చూసేవారు. బళ్ళో ఎక్కాలు చెప్పించేది తనే. తను ముందు చెప్పాలి, మేమంతా వెనక అనాలి. "గౌండ్లోళ్ల పిల్ల ఎక్కాలు నా మగ్గం కాడికి వినొస్తయి" అనేవాడు మా బాపు.

బడి అంటే పెంకుటింట్లో ఒకే గది. తరగతులన్నీ అందులోనే. ఒక్కడే సారు. పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మమ్మల్ని కొట్టడానికి చింతబరిగె మేమే తేవాలి, ఒక్కో రోజు ఒక్కొక్కరం. మా ఇద్దరి వంతు వచ్చినప్పుడు బరిగె మధ్యలో పంటితో గాటు పెట్టి తెచ్చేవాళ్ళం. మొదటి దెబ్బకే విరిగిపోయేది. సారు విరిగిన బరిగె వైపు చూసి, "చింతచెట్టు గూడ గీ ఊరోళ్ల లెక్కనే ఉన్నది" అని పారేసేవాడు. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. తన పిల్లలను కూడా అలాగే కొట్టేవాడట. కొట్టకుంటే చదువు రాదని నిజంగా నమ్మిన మనిషి.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. తంగేడు పూసింది. ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. మేము ఎక్కాలు చెబుతున్నాం. బయట ఎవరో ఉరికిన చప్పుడు. తర్వాత ఇంకా కొందరు. ఆ వెనకే ఒక ఆడమనిషి ఏడుపు. నా దోస్తు ఎక్కం మధ్యలో ఆగిపోయింది. లేచి నిలబడింది.

"సారూ, మా అమ్మ గొంతు లెక్కున్నది. ఒక్కసారి పోయి చూసొస్త సారూ."

"ఊళ్ల లొల్లి నీకెందుకే? కూసో."

"గిట్ల పోయి గట్ల వస్త సారూ."

సారు లేచి తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. "ఎక్కం ఎందుకాపినవ్? చెప్పు."

ఆ పిల్ల చెప్పింది. కళ్ళు తలుపు మీదే పెట్టుకుని చెప్పింది. మేము వెనక అన్నాం. మేమట్లా అరుస్తుండగానే నులకమంచం మీద వాళ్ళ బాపును మోసుకుంటూ జనం బడి ముందు నుంచే పోయారు. తడిసిన తాడిచెట్టు మీద కాలు జారి, పైనుంచి పడ్డాడు. పాపం, ఆ సంగతి సారుకూ తెలియదు. కానీ తెలుసుకోవాలని తలుపు తీయలేదు కదా.

బడి విడిచాక పిల్ల ఇంటికి పోతే ఇంట్లో ఎవరూ లేరు. బండి కట్టుకుని సిరిసిల్ల దవాఖానకు పోయారు. వాకిట్లో పొయ్యి మీద కూర మాడిపోయి ఉంది. నాయినమ్మ పోయి పిల్లను మా ఇంటికి తీసుకొచ్చింది. గట్క పోసి పెడితే ముట్టలేదు. "నేను బళ్లెనే ఉన్న. నాకు ఎవ్వలు చెప్పలె" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అన్నది.

వాళ్ళ బాపు బతికాడు. నడుము విరిగింది, కాళ్ళు పడిపోయాయి. దవాఖాన నుంచి తెచ్చి దొడ్డిపాకలో మంచం మీద పడుకోబెట్టారు. వాళ్ళ అమ్మ కూలికి పోయేది. పిల్లను మళ్ళీ బడికి పంపింది.

వచ్చిన మొదటి రోజుల్లోనే జరిగింది. బయట ఎవరో గొర్రెలను అదిలిస్తూ ఉరికారు. అంతే. నా పక్కన కూర్చున్న పిల్ల కట్టెలా బిగుసుకుపోయింది. కాసేపటికి నా లంగా అంచుకు తడి తగిలింది. చూస్తే తన కిందంతా నీళ్ళు. వెనక పిల్లలు ముందు గుసగుసలాడారు, తర్వాత ఒకడు పెద్దగా, "మత్తడి దుంకిందిరో!" అని అరిచాడు. చెరువు నిండి నీళ్ళు పొర్లితే ఊళ్ళో అందరూ అనే సంబరం మాట అది. బడి బడంతా నవ్వింది. సారు కూడా నవ్వు బిగబట్టుకున్నాడు. తర్వాత, "గాడిదంత పెరిగినవు, శరం లేదా?" అని బయట నిలబెట్టాడు. ముసురులో.

ఆనాటి నుంచి దాని పేరు మత్తడి అయింది. బయట బండి చప్పుడైనా, కుక్క అరిచినా, ఎవరైనా గట్టిగా పిలుచుకున్నా పిల్లలు బయటికి చూడటం మానేసి ఆ పిల్ల వైపు చూసేవాళ్ళు. అట్లా చూస్తే ఎవరికైనా వస్తుంది. ఎక్కాలు చెప్పడం ఆగింది. ఈల ఆగింది. నాతో కూడా మాట్లాడటం తగ్గించింది.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. గది మూలన నీళ్ళకుండ ఉండేది. పక్కన పిల్ల బిగుసుకుపోవడం తెలియగానే, "సారూ, దూపయితుంది" అని లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, మా ఇద్దరి మీద ఒలకబోసేదాన్ని. కిందంతా తడి. ఏది ఎవరిదో ఇక ఎవడికి తెలుస్తుంది? సారు నా చేతుల మీద కొట్టేవాడు. "నీ చేతులకు పక్షవాతం అచ్చిందే?" అనేవాడు. దెబ్బలకు ఏడుపొచ్చినా లోపల గొప్పగానే ఉండేది. కానీ రోజూ ఒలికే చెంబును ఎన్నాళ్ళు నమ్ముతారు? పిల్లలు నాకు ‘తూము’ అని పేరు పెట్టారు.

పెద్దవాళ్ళకు చెప్పి చూశాను. అమ్మ బీడీ చుట్టడం ఆపకుండానే విన్నది. "గా ఇంటికేదో గాలి తగిలిందట. నువ్వు దానెంబడి తిరగకు" అన్నది. నాయినమ్మ, "దడుసుకున్నది. నిమ్మకాయ తిప్పి పారేస్తే పోతది" అన్నది. తిప్పారు, పారేశారు. మంత్రగాడు మెడకు తాయెత్తు కట్టాడు. దానితోనూ పోకపోతే వాళ్ళ అమ్మకు పాపం ఇంకో మార్గం దొరికింది. "బడికి పోయే ముంగట నీళ్లు తాగకు బిడ్డా. బళ్లె గూడ తాగకు" అని చెప్పింది. పిల్ల ఆ మాట పట్టింది. పొద్దున నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. పెదవులు పగిలి రక్తం వచ్చేది. నాలుకతో తడుపుకుంటూ కూర్చునేది. మధ్యాహ్నం బళ్ళో పెట్టే మక్కరవ్వ ఉప్మా గొంతు దిగక చేతిలోనే ఎండిపోయేది.

చివరకు మగ్గం దగ్గరికి పోయి మా బాపుకు చెప్పాను. నాడె విసరడం ఆపి విన్నది మా బాపు ఒక్కడే. తెల్లారి రుమాలు భుజాన వేసుకుని బడికి వచ్చాడు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, గా గౌండ్లోళ్ల పిల్ల భయపడుతున్నదట. జర నిమ్మళంగ చెప్పుండ్రి సారూ."

సారు కుర్చీలోంచి లేవలేదు. "నీకు నేత తెలుసు, నాకు చదువు తెలుసు. నేనచ్చి నీ మగ్గం కాడ వంకలు పెడితే నువ్వూకుంటవా?"

మా బాపు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు మగ్గం చప్పుడు చాలాసేపు వినిపించలేదు. నాకైతే సారు మీద కన్నా మా బాపు మీదే ఎక్కువ కోపం వచ్చింది. గట్టిగా ఒక్క మాట అంటే ఏం పోయింది? అక్షరం వచ్చినవాడి ముందు రానివాడు ఎట్లా నిలబడతాడో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమైనా ఆ కోపం పూర్తిగా పోలేదు.

చలికాలంలో సారుకు కామెర్లు వచ్చి సెలవు పెట్టాడు. ఆయన బదులు సిరిసిల్ల నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చిన్న వయసు. సడక్ మీద బస్సు దిగి, పొలాల మధ్య నుంచి నడిచి వచ్చేది. మధ్యాహ్నం తన డబ్బా తెచ్చుకుని మా వరుసలోనే కింద కూర్చుని తినేది. పచ్చిపులుసు మాకు తలా కొంచెం పోసేది. టీచరమ్మ కింద కూర్చుంటుందా అని ఊరంతా విచిత్రంగా చెప్పుకున్నారు.

ఒకరోజు బయట ఎవరో పెద్దగా కేకలేశారు. పిల్ల బిగుసుకుపోయింది. నేను చెంబు కోసం ఉరికాను. తిరిగి వచ్చి ఒలకబోయబోతుంటే టీచరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎందుకు పోస్తున్నవే?"

నేను చెంబు విడవలేదు. వెనక నుంచి ఒకడు, "మత్తడి..." అని మొదలుపెట్టాడు. ఆమె వాడి వైపు ఎట్లా చూసిందో గానీ మాట మింగేశాడు. "అందరు బయటికి పోయి ఆడుకోండ్రి. నువ్వు ఉండు" అని నన్ను మాత్రం ఆపింది.

ఆమె పాతగుడ్డ తెచ్చి కింద తుడిచింది. తానే తుడిచింది. తర్వాత పిల్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ అడగలేదు. బయట పిల్లల ఆట చప్పుడు వింటూ ఊరికే కూర్చుంది. నాకే ఊపిరాడక, ఏదో ఒకటి అడిగితే బాగుండు అనిపించింది. ఆఖరుకు మెల్లగా అడిగింది:

"దేనికి భయమైతది బిడ్డా?"

బిడ్డా అన్న పిలుపుకో ఏమో, పిల్ల పెదవులు కదిలాయి.

"బయట ఉరుకుతరు కద టీచర్. గప్పుడు మా బాపు సచ్చిపోయిండనిపిస్తది. నేను బళ్లె ఉంట. నాకు ఎవ్వలు చెప్పరు."

అంతే. ఇన్నాళ్ళూ గాలి అన్నదీ, దడుపు అన్నదీ, శరం లేదన్నదీ ఇదే. నేను పక్కనే కూర్చునేదాన్ని, నాకూ తెలియదు. ఎవరూ అడగలేదు మరి.

టీచరమ్మ ధైర్యం చెప్పలేదు. మీ బాపుకు ఏమీ కాదులే అని అబద్ధమాడలేదు. లేచి తలుపు బార్లా తెరిచింది. "పోయి చూసి రా" అన్నది.

పిల్ల నమ్మలేదు. నా వైపు చూసింది.

"నిజంగనే. పోయి, బాపును చూసి, మాట్లాడి రా. ఇది నీ ఎంబడొస్తది."

ఇద్దరం ఉరికాం. పాకలో వాళ్ళ బాపు మంచం మీద పడుకుని ఈత ఆకులు చీల్చుకుంటున్నాడు, చీపురు కట్టడానికి. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది బిడ్డా? బడి లేదా?"

"ఉన్నది. నువ్వున్నవా అని చూడొచ్చిన."

ఆయన చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. "ఉన్న బిడ్డా. నేనేడికి పోత? పోదామన్నా కాళ్లున్నయా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. పిల్ల మంచం పక్కన ఉన్న ముంతలోంచి గటగటా నీళ్ళు తాగింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "పోయొస్త బాపు" అని చెప్పి మళ్ళీ నాతో బడికి ఉరికి వచ్చింది.

ఆ తర్వాత ఎప్పుడు అనిపిస్తే అప్పుడు టీచరమ్మ వైపు చూసేది. ఆమె తల ఊపేది. పోయి వచ్చేది. మొదట్లో మాటిమాటికీ పోయేది, పోనుపోనూ తగ్గింది. తలుపు తెరిచి ఉంటే చాలు, కూర్చున్న చోటు నుంచి మెడ చాచి చూసి మళ్ళీ పలక మీదికి వంగేది. కింద తడి లేదు. నా చెంబుకు పని లేదు. ఒక మధ్యాహ్నం ఎక్కాలు మొదలుపెట్టమని టీచరమ్మ ఎవరినీ పేరు పెట్టి అనకముందే ఆ పిల్లే మొదలుపెట్టింది. మేము వెనక అందుకున్నాం. ఇంటికి పోయేసరికి మా బాపు మగ్గం గుంటలోంచి తలెత్తి, "గౌండ్లోళ్ల పిల్ల గొంతు వినొచ్చిందే!" అన్నాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి కుర్చీలో సారు ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ ఆయనే. టీచరమ్మను ఇంకో ఊరికి పంపారట. మాకు చెప్పి పోవడానికి కూడా వీలు కాలేదు. సారు గది నాలుగు దిక్కులూ చూసి, "బడిని సంత చేసి పోయింది" అని లేచి తలుపు మూశాడు.

నా దోస్తు కొంతసేపు ఓర్చుకుంది. బయట ఏ చప్పుడూ లేకున్నా తలుపు వైపు చూస్తూ ఉంది. తర్వాత లేచింది.

"ఒక్కసారి పోయి చూసొస్త సారూ. మా బాపును. గా టీచరమ్మ పంపేది."

"గా టీచరమ్మ లేదు. కూసో."

కూర్చోలేదు. తలుపు దగ్గరికి పోయి, వేళ్ళ మీద లేచి గొళ్ళెం తీయబోయింది. సారు జడ పట్టి వెనక్కి లాగాడు. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, నాకూ రెండు పడ్డాయి. పిల్ల కింద తడి పాకింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదొక్కటే టీచరమ్మ మా దగ్గర వదిలిపోయింది.

వాళ్ళ అమ్మను పిలిపించి, "దీనికి చదువు రాదు. ఇంటికాడ పనన్న నేర్పు" అన్నాడు సారు. ఎక్కాలు ఊరంతా వినిపించేలా చెప్పిన పిల్లకు చదువు రాదట! వాళ్ళ అమ్మ ఎదురు చెప్పలేదు. ఎండాకాలం రాకముందే నా దోస్తు ఒళ్ళోకి బీడీల చాట వచ్చింది.

సాయంత్రాలు నేను వాళ్ళ పాకకు పోయేదాన్ని. వాళ్ళ బాపు మంచం పక్కనే కూర్చుని చుట్టేది. బళ్ళో ఏం చెప్పారని ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, "తలుపు ఇంక మూస్తుండా?" అన్నది. మూస్తున్నాడని చెప్పాను. తల ఊపి ఆకు కత్తిరించుకుంది. ఈ కథలో నన్ను ఇప్పటికీ మండించే సంగతి ఏమిటంటే, వాళ్ళ బాపు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆమె పెళ్ళి చూశాడు, మనుమలను ఎత్తుకున్నాడు. ఆ పిల్ల భయపడిందేదీ జరగలేదు. పోయింది చదువు ఒక్కటే.

ఇదంతా తవ్వుకుంటూనే ఆ రోజు ఇల్లు చేరాను. ఉడకబెట్టిన పల్లికాయలు ముందు వేసుకుని మెట్ల మీద మనుమరాలి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఒలిచి పెడుతూ ఉన్నాను. గిన్నె సగమయ్యాక అదే అన్నది.

"అమ్మమ్మా, డాడీకి డ్యూటీ మారింది కదా. నేను బళ్లె ఉన్నప్పుడే వీడియో కాల్ చేస్తుండు. నేనచ్చేసరికి డ్యూటీకి పోతుండు. గిట్లనే అయితే డాడీ నన్ను మర్చిపోతడా?"

కడుపులో ఏమీ లేదన్నారు స్కానింగ్‌లో.

తెల్లారి మళ్ళీ మేడం దగ్గరికి పోయాను. మధ్యాహ్నం తినే వేళ కాసేపు పిల్లను వాళ్ళ నాన్నతో మాట్లాడించమని అడిగాను.

"బళ్లె ఫోన్లు బంద్ అమ్మా. ఒక్కరికిస్తే అందరడుగుతరు."

"అడగనియ్యుండ్రి. ఎవల డాడీలు దూరముంటే వాళ్లే అడుగుతరు. గీ ఊళ్ల సగం మంది దుబాయిలనే ఉన్నరు గద."

"రూలు రూలే కదమ్మా."

గేటు దాటుతుంటే క్లాసు టీచరు వెనకాలే వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. అటూ ఇటూ చూసి, "లంచ్ టైముల నా ఫోన్ల మాట్లాడిపిస్త అమ్మా. మేడంకు మాత్రం చెప్పకుండ్రి" అన్నది. ఆ టీచరు చేయి పట్టుకున్నాను. ఒక మంచి పని దొంగతనంలా చేయాల్సి వస్తున్నందుకు నాకు మళ్ళీ కోపమే వచ్చింది. "ఎన్నాళ్లుంటవు బిడ్డా ఈ బళ్లె?" అని అడిగాను. నవ్వింది. "డీఎస్సీ పడితే రాసి పోత అమ్మా. ఈడెవరుంటరు?"

ఇప్పుడు కడుపునొప్పి కొన్ని పొద్దుల్లో రావడం లేదు. మేడం దగ్గరికి సోమవారం మళ్ళీ పోతాను. వెళ్ళగొట్టేదాకా పోతాను.

నా దోస్తును ఈ మధ్య కాలంలో కలిసింది ఒక్కసారే, మెట్‌పల్లిలో ఒక పెండ్లిలో. మనిషి నిండుగా ఉంది. గొంతు తిరిగి వచ్చింది, భోజనాల దగ్గర మనుమలను కేకలేస్తుంటే ఫంక్షన్ హాలంతా వినిపించింది. బగారన్నం పళ్ళేలు పట్టుకుని ఒక మూల కూర్చున్నాం. పాత మాట నేనే ఎత్తాను.

"గా టీచరమ్మ యాదికున్నదా నీకు?"

"ఏ టీచరమ్మ?"

చెప్పాను. పాతగుడ్డతో తుడిచింది, గోడకు ఆనుకుని కూర్చుంది, పోయి చూసి రమ్మన్నది, అన్నీ చెప్పాను. తనకు కాక ఇంకెవరికో జరిగినట్టు విన్నది.

"సారు యాదికున్నడు నాకు" అన్నది. "గొళ్లెం పెట్టిన సప్పుడు యాదికున్నది. మత్తడి మత్తడని ఒర్రిన పోరగండ్ల పేర్లు వరుసగ చెప్పమంటే ఇప్పుడు చెప్త. ఆమెనే యాదికొస్తలేదే."

కాసేపు అన్నం కెలికింది. తర్వాత అడిగింది.

"గంత మంచిగ చూసిందా నన్ను?"

"చూసింది."

"ఇంకిన్ని రోజులుంటే ఏమాయె మరి" అన్నది.